గోవిందు సగంలో వదిలిన జీపు

నేను పళ్లు కడతాను. డాక్టరును కాను. ప్రొద్దుటూరులో పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి పళ్ల సెట్టు తయారుచేసి ఇవ్వడం నా పని. సందులో ఒక చిన్న గది, అందులో ఒక సానపట్టే మోటారు, సన్నటి డ్రిల్లులు, మైనం, చిగుళ్లకు వాడే గులాబీరంగు పొడి. హుమాయున్ పళ్లు కడితే మటన్ ఎముక కూడా కొరకొచ్చని పేరు. హుమాయున్ నోరు మాత్రం మంచిది కాదని ఇంకో పేరు. రెండూ నిజమే.

పెద్దల అమావాస్య ఇంకా కొన్నాళ్లు ఉందనగా, ఒక మధ్యాహ్నం ఈశ్వరమ్మ వచ్చింది. ఆమె నా స్నేహితుడు గోవిందు భార్య. ఊరు జమ్మలమడుగు పక్కన ఒక పల్లె. గోవిందు కనబడకుండా పోయి అప్పటికి పదేళ్లు దాటింది. ఆమె చంకలోంచి ఒక రేకు డబ్బా తీసి, నా బల్ల మీద అరిగిన పళ్ల మధ్య చోటు చేసి పెట్టింది. మూత తీయకముందే అందులో ఏముందో నాకు తెలుసు. ప్లాస్టిక్ జీపు.

ఆ జీపు మా ఇంట్లోకి వచ్చిన తీరే ఒక నవ్వులాట. మా అన్న అమీర్ బాషా కువైట్ నుంచి సెలవులో వస్తూ, పైన జీపు బొమ్మ ఉన్న పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందరం చుట్టూ చేరాక విప్పితే లోపల జీపు లేదు. పుల్లలకు చింతకాయల్లా వేలాడుతున్న ముక్కలు కుప్పగా ఉన్నాయి. అంగడివాడు విరిగిపోయిన బొమ్మ అంటగట్టాడని మా అన్న వాణ్ణి మూడు భాషల్లో తిట్టాడు. మనమే అతికించుకోవాలని పెట్టెలోని కాగితంలో ఉన్నట్టుందని నేనంటే, దుడ్లు పోసి కొన్న బొమ్మను మళ్లీ మనమే చేసుకోవడమేందని నా మీద ఎగిరాడు. పెట్టెను తీసుకుపోయి పెంటలో వేయబోతుంటే గోవిందు అడ్డం పడ్డాడు.

గోవిందు, నేను జమ్మలమడుగు హైస్కూల్లో ఒకే బెంచీ. వాళ్లది గొర్రెలు మేపుకొనే కుటుంబం. వాడికి గొర్రెలంటే పడేది కాదు, ఇంజను వాసన పడేది. లారీ క్లీనరుగా మొదలుపెట్టి, చివరికి మా వైపు ఒక నాయకుడి దగ్గర జీపు డ్రైవరుగా కుదిరాడు. ఆ నాయకుడి పేరు నేను చెప్పను. చెప్పినా ఇప్పుడాయన శానా మంచివాడు, మీరు నమ్మరు. ఆ రోజు గోవిందు మా నట్టింట్లో కూర్చుని ఆ ముక్కలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టుకుని చూశాడు. ఇది ఛాసిస్, ఇది గేరుబాక్సు, ఇది వెనక యాక్సిల్ అని పేరుపేరునా చెప్పాడు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా కాగితంలోని బొమ్మలన్నీ వాడికి అర్థమయ్యాయి. మా అన్న ఆ పెట్టెను వాడికే ఇచ్చేశాడు.

అర్థం కావడం వేరు, బిగించడం వేరు. ఫ్యాక్షన్ రోజుల్లో నాయకుడి డ్రైవరు బతుకు ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఎప్పుడు బయల్దేరేదీ, ఎక్కడికి పోయేదీ ముందుగా చెప్పరు. ఒకే రంగు, ఒకే నంబరు ఉన్న జీపులు మూడు షెడ్డులో ఉండేవి. నాయకుడు దేంట్లో ఎక్కుతాడో ఎక్కేదాకా ఎవరికీ తెలియదు. డ్రైవర్లు తాళాలు చేతిలో పట్టుకుని పొద్దంతా కాచుకునేవాళ్లు. ఆ కాపలాలోనే గోవిందు ఈ జీపును కట్టాడు. పిలుపు వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్న ముక్కకు ట్యూబుల పంక్చర్ సొల్యూషన్ ఇంత పూసి, ఎక్కడో ఒకచోట నొక్కేసి పరిగెత్తేవాడు. అందుకే తలుపులు వంకర. అద్దం నిండా జిగురు మరకలు. చక్రాలను పైపు లీకులకు పెట్టే ఎంసీల్ ముద్దతో బిగించాడు గనక అవి తిరగవు. బంపర్లకు వేయగా మిగిలిన రంగు మెత్తాడు, అది కారి గడ్డకట్టింది. అంత దరిద్రంగా బిగించిన బండిని నా జన్మలో చూడలేదు, ఆ మాట వాడి మొహం మీదే అన్నాను. వాడు నవ్వాడు.

అన్నిటికంటే పెద్ద నిర్వాకం స్టీరింగు. కువైట్ బండి గదా, కాగితంలో స్టీరింగు ఎడమవైపు ఉంది. అట్టపెట్టె మీద బొమ్మలోనూ ఎడమవైపే. గోవిందుకు అది మింగుడు పడలేదు. కుడివైపు కూర్చోకపోతే డ్రైవరెట్లా అవుతాడని వాడి ప్రశ్న. ఒక హాక్సా బ్లేడును నిప్పుల మీద కాల్చి, ముందు పలకను కోసి, స్టీరింగు తెచ్చి కుడివైపు పెట్టాడు. ఎడమవైపు పడిన బొక్కను ఎంసీల్‌తో పూడ్చాడు.

బానెట్టు, ఒక చక్రం మిగిలి ఉండగా ఎన్నికలు వచ్చాయి. ఒక ఉదయం జీపుల్ని తీయమన్నారు. గోవిందు ఈ బొమ్మను ఇంట్లో గూట్లో పెట్టి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని, వచ్చి తానే పూర్తి చేస్తానని తల్లితో చెప్పి వెళ్లాడు. ముద్దనూరు దారిలో బాంబులు పడ్డాయి. నాయకుడు వేరే జీపులో ఉన్నాడు, చొక్కా కూడా నలగలేదు. గోవిందు జీపు మాత్రం ఒక ఎండిన వంకలో కాలిపోయి దొరికింది. అందులో మనిషి లేడు. చుట్టుపక్కల ఎక్కడా లేడు. రెండు పార్టీలవాళ్లూ కొన్నాళ్లు అరిచారు, పేపర్లలో వచ్చింది, తర్వాత ఓట్లు పడ్డాయి.

శవం లేకపోతే చావు లేదు. గోవిందు తల్లి పెద్దసుబ్బమ్మ పట్టు అది. కాలిన జీపులో ఎముకైనా దొరకలేదు గదా, నా కొడుకు దూకి పారిపోయినాడు, భయంతో ఎక్కడో బతుకుతున్నాడు, రాజీ అయితే వస్తాడు అనేది. కర్మ చేయనివ్వలేదు. ఫోటోకు దండ వేయనివ్వలేదు. ఏటా పెద్దల అమావాస్యకు ఇంట్లో చనిపోయిన పెద్దలందరికీ కొత్త గుడ్డలు పెట్టి, విస్తళ్లు వేసి, పేరుపేరునా పిలిచేది. అందులో గోవిందు పేరు ఉండేది కాదు. నేను కూడా ఆమె మాట కొంతకాలం నమ్మాను. నమ్మడం సుఖంగా ఉండేది.

ఆ సుఖం ఈశ్వరమ్మకు లేదు. పిల్లలు పుట్టలేదు. అత్తా కోడలూ ఇద్దరే ఆ ఇంట్లో. ఆమె బొట్టు, గాజులు, మట్టెలు అన్నీ అత్త కాపలాలో ఉండేవి. ఒక రోజు గాజు పగిలితే సాయంత్రానికి కొత్త గాజు తెప్పించి తొడిగేది ముసలామె.

ఇప్పుడు జీపు తీసుకుని ఎందుకు వచ్చిందో ఈశ్వరమ్మ చెప్పింది. ఆ వేసవిలో గోవిందు పనిచేసిన నాయకుడూ, ఆయనమీద బాంబులు వేయించిన నాయకుడూ ఒకే పార్టీలో చేరారు. పులివెందులలో సభ పెట్టి ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. పల్లెల నుంచి లారీల్లో ఆడవాళ్లను తోలుకుపోయారు, ఈశ్వరమ్మ కూడా పోయింది. రాజీ అయింది గదా, ఎవరైనా ఒక మాట చెబుతారని ఆమె ఆశ. సభ అయ్యాక నాయకుడి దగ్గరికి పోతే ఆయన చేతులు జోడించి, అంతా మంచి జరుగుతుందని చెప్పి కారెక్కాడు. ఆమె అక్కడే నిలబడి ఉంటే, అవతలి వర్గంలో ఒకప్పుడు ముందు నడిచిన మనిషి, ఇప్పుడు తల నెరిసిపోయి కర్ర పట్టుకున్నవాడు, దగ్గరికొచ్చాడట.

“ఇంగ ఎదురుచూడొద్దు తల్లీ. అంతకన్నా నన్నేమీ అడగొద్దు” అన్నాడట.

ఆమె ఇంటికొచ్చి ఆ మాట అత్తకు చెప్పింది. పెద్దల అమావాస్య దగ్గర పడ్డాక పెద్దసుబ్బమ్మ గూట్లోంచి జీపును దించి కోడలి చేతికిచ్చింది. ఈ అమావాస్యకు వాడికీ పెడతాను, గుడ్డలతోపాటు వాడు ఇష్టపడిన వస్తువు పెడతాను, కానీ మన ఇంట్లో చినిగిందీ విరిగిందీ పెద్దలకు పెట్టే ఆచారం లేదు, ఇది నిండుగా అయి వస్తేనే పెడతాను, కాకపోతే లేదు అని చెప్పింది. అందుకని ఈశ్వరమ్మ బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

“అమావాస్య లోపల అయితాదా అన్నా?” అని అడిగింది.

అవుతుందన్నాను. ఆమె వెళ్లిపోయాక గానీ ఏం ఒప్పుకున్నానో నాకు తెలిసి రాలేదు. ఈ జీపు పూర్తయితే గోవిందు చనిపోయినట్టు. పూర్తి కాకపోతే ఈశ్వరమ్మ అలాగే ఉండిపోవాలి. ఆ తీర్పు చెప్పాల్సిన వాళ్లంతా దండలు వేసుకుని పోతే, అది పళ్లు కట్టేవాడి బల్ల మీదికి వచ్చి పడింది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక, ఆ సాయంత్రం పళ్ల సెట్టు కోసం వచ్చిన ఒక పెద్దాయనను కసిరాను.

పని మాత్రం మొదలుపెట్టాను. జీపును బాగుచేయాలంటే ముందు దాన్ని విప్పాలి. రంగు పోవడానికి బ్రేక్ ఆయిల్లో నానబెట్టాను. అడుగుభాగంలో చిన్న ముక్క మీద ముందుగా చూసుకున్నాను, ప్లాస్టిక్ కరగలేదు, రంగు మాత్రం పొరలు పొరలుగా లేచింది. పంక్చర్ సొల్యూషన్‌ను వేలితో రుద్ది రుద్ది ఉండలు చేసి తీశాను. చక్రాల దగ్గర ఎంసీల్ ఊడలేదు. బాగా చల్లబడితే అది పెళుసెక్కుతుందని తోచి, జీపును తీసుకుపోయి ఇంట్లో ఫ్రిజ్ పైగదిలో పెట్టాను. మటన్ పక్కన జీపును చూసి నా భార్య మెహరున్నీసా నాకు పిచ్చి పట్టిందనుకుంది. ఎవరిదో చెప్పాక మటన్‌ను పక్కకు జరిపింది. పొద్దున తీస్తే ఎంసీల్ పెళ్లలుగా ఊడి చక్రాలు విడివడ్డాయి.

విప్పుతూ ఉంటే ప్రతి అతుకులోనూ గోవిందు తొందర కనబడింది. ఇక్కడ పిలిచారు, లేచి పోయాడు. ఇక్కడ మళ్లీ పిలిచారు. ఒక తలుపు లోపలివైపు వాడి బొటనవేలి గుర్తు రంగులో దిగబడి ఉంది. దాన్ని ఉంచుదామా అని కొంతసేపు కూర్చున్నాను. తర్వాత అదీ బ్రేక్ ఆయిల్లో వేశాను. నిండుగా ఉండాలని గదా ఆమె అడిగింది.

నాలుగో చక్రం లేదు. ఎలుక ఎత్తుకుపోయి ఉంటుంది. ఉన్న చక్రానికి పళ్లకు తీసినట్టే అచ్చు తీసి, చిగుళ్ల పొడి కలిపి పోశాను. అచ్చు విప్పితే గులాబీరంగు చక్రం వచ్చింది. నల్లరంగు వేసేముందు ఊరికే జీపుకు తగిలించి చూశాను. మూడు నల్ల టైర్లు, ఒక చిగురు. నాకు నవ్వొచ్చింది. ఇది చూసి నాకంటే ఎక్కువ నవ్వేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడికి చూపించాలనిపించింది. అలా అనిపించిన మరుక్షణం నేను తల బల్ల మీద పెట్టుకుని ఏడ్చాను. అన్నేళ్లలో వాడి కోసం ఏడవడం అదే మొదలు.

స్టీరింగు చోటు జోలికి మాత్రం పోలేదు. కాగితంలో ఉన్నట్టు ఎడమవైపు మార్చడం నాకు గంట పని. మార్చలేదు. పూడ్చిన చోట నున్నగా సానపట్టి, వాడు పెట్టిన చోటే స్టీరింగును గట్టిగా నిలబెట్టాను. వాడు చేసినవాటిలో తప్పులన్నీ దిద్దాను గానీ, ఇది తప్పని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

బానెట్టు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత నేను పని ఆపేశాను. రంగు ఆరలేదని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టర్లు తొందరపెడుతున్నారని చెప్పుకున్నాను. అమావాస్య దగ్గర పడుతుంటే ఈశ్వరమ్మ మళ్లీ వచ్చింది. జీపు బల్ల మీద పక్కన బానెట్టుతో సహా అలాగే ఉంది. ఆమె దాన్ని చూసింది, ఆరిన రంగును వేలితో తాకి చూసింది.

“చేతగాక చేయలేదా అన్నా, చేయబుద్ధిగాక చేయలేదా?” అంది.

నా నోటి సంగతి ముందే చెప్పాను. వాణ్ణి చచ్చినోళ్లలో కలిపేదానికి ఇంత తొందరేందమ్మా నీకు అనేశాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను. ఆమెకు కోపం రాలేదు. స్టూలు మీద కూర్చుని, చెంగు సర్దుకుని, నేల వైపు చూస్తూ మాట్లాడింది.

“మొన్న మా చిన్నాయన కూతురి పెండ్లిలో ఒకామె అందరికీ బొట్టు పెట్టుకుంటా వచ్చింది. నా కాడికొచ్చి నిలబడిపాయ. పెట్టాల్నా వద్దా అని పక్కనామెను కండ్లతో అడిగింది. నేను మొగం ఎత్తుకోని అట్లే కూర్చోనుండా. ఈ పదేండ్లు నేను ఏడ్సనుగూడా లేదన్నా. ఏడిస్తే అత్త నోరు మూసేది, బతికుండే మొగునికి ఏడుస్తావా అని. నాకు ఆయన కావాల. రాడంటే, ఏడ్సనన్నా ఏడ్సనీయండి.”

నేను ఆమెను కూర్చోబెట్టే బానెట్టు బిగించాను. సన్నటి పిన్ను రెండువైపులా దూర్చి, అది పైకి లేచేటట్టు, లోపల ఇంజను కనబడేటట్టు పెట్టాను. జీపు పూర్తయింది. అట్టపెట్టె మీద బొమ్మలో కూడా అంత అందంగా లేదు. ఆమె దాన్ని చెంగులో చుట్టుకుని, అమావాస్య నాడు ఇంటికి రమ్మని చెప్పి వెళ్లింది.

అమావాస్య నాడు నేను పోయేసరికి పెద్దసుబ్బమ్మ జీపును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, దాన్ని నేల మీద పెట్టి ముందుకు తోసింది. అది సాఫీగా దొర్లి గోడ దగ్గర ఆగింది. ఆమె పాక్కుంటూ వెళ్లి తెచ్చుకుని మళ్లీ తోసింది.

“తిరుగుతాండాయే చక్రాలు” అంది. “వాడు చేసింటే ఇంత బాగ వచ్చేది కాదు నాయనా. వానికి అంత ఓపిక యాడిది?”

ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ జీపును లాక్కుని మళ్లీ విరగ్గొట్టి, దాన్ని గూట్లో పెట్టేయాలనిపించింది.

నట్టింట్లో గోడ వారగా పీటల మీద కొత్త గుడ్డలు మడిచి పెట్టారు. చివరి పీట మీద ఒక ప్యాంటు, చొక్కా, వాటి మీద జీపు. ఎదురుగా విస్తళ్లు వేసి అన్నం, పప్పు, వడలు, కూర వడ్డించారు. సాంబ్రాణి పొగ కమ్ముకుంది. గడప దాటి లోపలికి పోవడం నాకు మర్యాదగా తోచక, నేను వాకిట్లోనే ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. ఇంటి పెద్ద ఒక్కొక్క పెద్దను పేరు పెట్టి పిలిచి, వచ్చి తినిపొమ్మని చెప్పాలి. పిలవనిదే వాళ్లు రారు. పెద్దసుబ్బమ్మ మామను పిలిచింది. అత్తను పిలిచింది. మొగుడి పేరు నోట పలకకుండా, గొర్రెల కాపరీ, రా, వచ్చి తిను అని పిలిచింది. తర్వాత చివరి విస్తరి ముందుకు వచ్చి నిలబడింది.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. పొగలో దగ్గింది. కళ్లు తుడుచుకుని మూడోసారి ప్రయత్నించి, అలాగే కింద కూలబడి, తల అడ్డంగా ఊపింది. విస్తట్లో అన్నం చల్లబడుతోంది. నేను పిలుద్దామనుకున్నాను. కానీ ఇంటివాళ్లే పిలవాలి, నేను ఇంటివాణ్ణి కాను. ఆ ఇంట్లో ఇక మిగిలింది ఈశ్వరమ్మ.

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. పెళ్లయిన నాటి నుంచి ఈశ్వరమ్మ నోట ఆ పేరు ఎవరూ వినలేదు. పోలీసులు అడిగినప్పుడు కూడా పక్కనున్న నేనే చెప్పాను. ఆమె విస్తరి ముందుకు వచ్చి, చేతులు జోడించి, కళ్లు మూసుకుంది.

“గోవిందూ” అంది.

గొంతు సన్నగా, కొత్తగా ఉంది. వచ్చి తిను అనే మాట అనాలి, అది అనలేదు. మళ్లీ గోవిందూ అంది. ఈసారి గట్టిగా. ఆ తర్వాత అది పెద్దలను పిలిచే పిలుపు కాకుండా పోయింది. వీధిలో పోతున్న మనిషిని ఇంట్లోంచి కేకేసినట్టు, పొలం గట్టు మీద ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు, గోవిందూ గోవిందూ అని ఊపిరి ఆడనంతగా పిలిచింది. పదేళ్ల ఏడుపంతా ఆ పేరుతోనే బయటికి వచ్చింది. ఆమెను ఆపడానికి ఎవరూ కదల్లేదు.

ఆ కేకకు పెద్దసుబ్బమ్మ దిగ్గున తలెత్తి వాకిలి వైపు చూసింది.

వాకిట్లో నేను నిలబడి ఉన్నాను.